పాట వచ్చు... మరి స్వరం?

"ఏదీ, ఒక పాట పాడమ్మా!"

శ్రావణ శుక్రవారం పేరంటానికి వెళ్తే ఈ మాట తప్పదు కదా! కాసేపు మొహమాటపడి, గొంతు సవరించుకుని ఓ కీర్తన అందుకుంటాం. బాగానే పాడతాం కూడా. "ఏ రాగమండీ ఇది?" అని పక్కావిడ అడిగిందనుకోండి... "ఏమోనండీ, మా పంతులుగారు ఇలాగే చెప్పారు" అనేసి తాంబూలం అందుకుని లేచిపోతాం.

ఆడపిల్లకి సంగీతం చెప్పించడం మన ఇళ్ళలో కొత్తేం కాదు. విశాఖ, విజయనగరం వైపైతే మరీనూ. కానీ ఎందుకు చెప్పించేవారు? పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి పాటలొచ్చా?" అన్న ప్రశ్నకి జవాబు ఉండాలని! ఆ మాత్రానికి నాలుగు కీర్తనలూ ఒక మంగళహారతీ చాలు. పంతులుగారు పాడితే అమ్మాయి అప్పజెప్పేది. శాస్త్రం ఎందుకు, కచేరీలు చేస్తుందా ఏమైనానా? పెళ్ళయింది, పంతులుగారి ఊరు దూరమైంది. ఇక కొత్త పాట నేర్చుకునే దారే లేదు. పదహారేళ్ళప్పుడు వచ్చిన ఆ నాలుగే అరవై ఏళ్ళకీ! అందులోనూ రెండు సగం మరిచిపోయి ఉంటాం.

సంగీత శాస్త్రం అనగానే అదేదో పండితుల వ్యవహారమని భయపడతాం గానీ, పాటకి అది చదవడం, రాయడం లాంటిది. నలుగురు చెప్పగా విని పద్యం నేర్చుకోవడానికీ, పుస్తకం తెరిచి మనమే చదువుకోవడానికీ ఎంత తేడా ఉందో, పాట వచ్చిన మనిషికీ స్వరం తెలిసిన మనిషికీ అంత తేడా.

ఇంట్లో దీపం ఉండగా...

నిజానికి ఈ చదువుకి విశాఖ వాళ్ళు ఎక్కడికో పోనక్కర్లేదు. అరవై కిలోమీటర్ల దూరంలో విజయనగరం. అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల 1919లో పుట్టింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో బెంగుళూరులో పుట్టినా పెరిగింది మన విశాఖలోనే. చూపు మందం వల్ల నల్లబల్ల మీది అక్షరాలు కనపడక ఆయన బడి చదువు సాగలేదు. ఇంట్లో అన్నగారి దగ్గర వయొలిన్ పట్టారు. ఇరవయ్యారేళ్ళ వయసులో, కళాశాల పెట్టారని తెలిసి విద్యార్థిగా చేరడానికి వెళ్తే, వాయింపు విన్న పెద్దలు ఆయన్ని ఏకంగా అధ్యాపకుడిగానే తీసుకున్నారు! 1936లో ఆయనే ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఆయన కుమార్తె ద్వారం మంగతాయారు గారూ వయొలిన్ విదుషీమణిగానే పేరు తెచ్చుకున్నారు. ఘంటసాల చదువుకున్నది ఆ కళాశాలలోనే. మన సుశీలమ్మ సంగీతంలో డిప్లొమా తీసుకున్నదీ అక్కడే. ఈనాడు విశాఖలో ఉంటూ దేశమంతటా కచేరీలు చేస్తున్న పంతుల రమ గారు ఇవటూరి విజయేశ్వరరావు గారి శిష్యురాలు. ఆయనా విజయనగరం బాణీ వారే.

ఊళ్ళో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. పిఠాపురం కాలనీ కళాభారతిలో కచేరీలు జరుగుతుంటాయి. సంగీతంలో సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకి వెళ్ళేవాళ్ళు పాడి వినిపించడమే కాదు, రాతపరీక్ష కూడా రాయాలి. దాన్నే అందరూ 'థియరీ' అంటారు. గొంతు చక్కగా ఉన్నవాళ్ళు కూడా ఇక్కడే తడబడుతుంటారు.

సి షిఫ్టు ఇంట్లో సాధన ఎలా?

ఉక్కునగరం, గాజువాక, మల్కాపురం వైపు ఇళ్ళలో ఇది పెద్ద సమస్యే. ఆయన రాత్రంతా సి షిఫ్టు చేసి పొద్దున్న వచ్చి పడుకుంటారు. పిల్లలు బడికి వెళ్ళిపోయి, ఇల్లు సద్దుమణిగి, మనకి తీరిక దొరికేదీ సరిగ్గా అప్పుడే. నోరెత్తడానికి లేదు! పక్క క్వార్టర్ వాళ్ళదీ అదే షిఫ్టయితే ఇక చెప్పనే అక్కర్లేదు. "మాకెక్కడ కుదుర్తుందండీ సంగీతం" అని చాలామంది పుస్తకం మూసేసేది ఇక్కడే.

కానీ సంగీతంలో సగం పని నోరెత్తకుండా చేసుకోవచ్చు. తాళం తొడ మీద వేసుకోవచ్చు. స్వరం పుస్తకంలో రాసుకోవచ్చు. మనసులో పాడుకుంటూ వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. ఇదంతా శాస్త్రమే. ఆయన లేచాక, సాయంత్రం అరగంట గొంతెత్తితే సరిపోతుంది. అసలు, పొద్దంతా గొంతు చించుకుని తాళం తప్పే సాధన కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

ఓడ కూత చెప్పే పాఠం

సరే, మొదలుపెడదాం. మొదటి మాట శ్రుతి. హార్బరు దగ్గర్లో ఉన్నవాళ్ళకి ఇది వివరించడం తేలిక. పెద్ద ఓడ కూతకీ చిన్న పడవ కూతకీ తేడా ఎప్పుడైనా గమనించారా? పెద్దది పొట్టలోంచి వచ్చినట్టు బొంగురుగా ఉంటుంది. చిన్నది సన్నగా, పైకి ఉంటుంది. ఇది యాదృచ్ఛికం కాదు. సముద్రయానానికి అంతర్జాతీయ నిబంధనలున్నాయి. 200 మీటర్లు, అంతకు మించిన ఓడ కూత సెకనుకి 70 నుంచి 200 కంపనాల మధ్య ఉండాలి. 75 మీటర్ల లోపు వాటికి 250 నుంచి 700. చీకట్లో, మంచులో కూత విని ఓడ పరిమాణం పోల్చుకోవడానికన్నమాట! కంపనాలు తక్కువైతే మంద్రం, ఎక్కువైతే తారం. శ్రుతి అంటే ఈ కంపనాల లెక్కే.

ఇప్పుడు మీరు 'స' అన్నప్పుడు మీ గొంతు సెకనుకి 200 సార్లు కంపిస్తోందనుకోండి. దానికి రెట్టింపు, అంటే 400 దగ్గర పలికేదీ 'స'యే! పై స్థాయి షడ్జం. రెండూ కలిపి మోగిస్తే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. 300 దగ్గర పలికేది 'ప'. ఒకటిన్నర రెట్లు. తంబురాలో ఎప్పుడూ మోగుతూ ఉండేది ప్రధానంగా ఈ స, ప, పై స లే. అందుకే ఆ నాదం చెవికి అంత నిండుగా ఉంటుంది.

ఇక్కడ ఆడవాళ్ళు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. మీ శ్రుతి మీది! మగవాళ్ళు మామూలుగా ఒకటి శ్రుతి ప్రాంతంలో పాడితే, ఆడవాళ్ళకి ఐదు, ఐదున్నర నప్పుతాయి. ఇవి హార్మోనియం మెట్లని బట్టి వచ్చిన లెక్కలు. అయితే అందరికీ ఐదున్నరే రావాలన్న రూలేం లేదు. కింది పంచమం నుంచి పై పంచమం వరకు గొంతు బిగబట్టకుండా తిరిగితే అదే మీ శ్రుతి. వయసు పెరిగేకొద్దీ ఆడగొంతు కాస్త కిందికి దిగుతుంది. అప్పుడు అర శ్రుతి తగ్గించుకోవడం నామోషీ ఎంతమాత్రం కాదు. పెళ్ళికి ముందు పాడిన శ్రుతిలోనే యాభై ఏళ్ళకీ పాడాలని గొంతు నలుపుకునేవాళ్ళని చూస్తుంటే జాలేస్తుంది.

ఏడు, పన్నెండు, పదహారు

స్వరాలు ఏడని చిన్నపిల్లలూ చెబుతారు. కానీ వీణ దగ్గర కూర్చుని చూడండి. మనకి దగ్గర్లోనే బొబ్బిలి వీణ ఉంది కదా! గొల్లపల్లి కళాకారులు ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు. దాని మీద మెట్లు 24. అంటే ఒక స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. పన్నెండో మెట్టు దగ్గర నొక్కితే తీగలో మోగే భాగం సగమవుతుంది, పై 'స' పలుకుతుంది. ఏడో మెట్టు దగ్గర మూడింట రెండు వంతులు మిగులుతుంది, 'ప' పలుకుతుంది. శాస్త్రం ఎక్కడో గ్రంథాల్లో లేదు, తీగ పొడవులోనే ఉంది. మెట్లు పైకి పోయేకొద్దీ దగ్గర దగ్గరగా ఎందుకున్నాయో కూడా ఇప్పుడు అర్థమవుతుంది.

స, ప కదలవు. రి, గ, మ, ధ, ని లకి రెండేసి చోట్లు. రెండూ పదీ పన్నెండు. ఇవే స్వరస్థానాలు. మరి పుస్తకంలో పదహారు పేర్లున్నాయేం? అక్కడే చాలామంది బెదిరిపోతారు. ఇందులో బెదరడానికేముంది! ఒకే ఇల్లాలు ఒకరికి వదిన, ఇంకొకరికి అత్త, మరొకరికి పిన్ని కావడం లేదూ? అలాగే ఒకే మెట్టుని ఒక రాగంలో చతుశ్రుతి రిషభం అంటారు, ఇంకో రాగంలో శుద్ధ గాంధారం అంటారు. షట్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం ఒకరే. చతుశ్రుతి ధైవతం, శుద్ధ నిషాదం ఒకరే. షట్శ్రుతి ధైవతం, కైశికి నిషాదం ఒకరే. రెండు పేర్లున్న చోట్లు నాలుగు. పన్నెండూ నాలుగూ పదహారు. అంతే సంగతి!

మొదటి పాఠం మాయామాళవగౌళ రాగంలోనే ఎందుకు? ఈ ఏర్పాటు పదహారో శతాబ్ది నాటి పురందరదాసుదని చెబుతారు. ఇందులో స-రి దగ్గర దగ్గర, రి-గ దూరం, గ-మ మళ్ళీ దగ్గర. ఇప్పుడు ప-ధ-ని-స చూడండి. అదే దగ్గర, అదే దూరం, అదే దగ్గర. కింది సగం కుదిరితే పై సగం దానంతటదే కుదురుతుంది. ఒకవైపు నమూనా కుట్టుకుంటే రెండో వైపు కూడా వచ్చేసినట్టు! ఈ ఒక్క ముక్క ముందే చెబితే పిల్లలు సరళీ స్వరాలని అంత విసుక్కోరు. చెప్పే ఓపిక మాత్రం తక్కువమందికి ఉంటుంది.

చీరలు ఆరు, జాకెట్లు ఆరు

72 మేళకర్తలు అనగానే గుండె జారిపోతుంది. కంఠతా పట్టాలి కాబోలని! అక్కర్లేదు. రి, గ లని జతగా కట్టడానికి కుదిరే పద్ధతులు ఆరు. ధ, ని లకీ ఆరే. ఆరు చీరలు, ఆరు జాకెట్లు ఉంటే ఎన్ని రకాలుగా కట్టుకోవచ్చు? ముప్పయ్యారు. ఇక 'మ' రెండు రకాలు, శుద్ధ, ప్రతి. ముప్పయ్యారూ ముప్పయ్యారూ డెబ్బై రెండు. పదిహేడో శతాబ్దిలో వేంకటమఖి 'చతుర్దండీ ప్రకాశిక'లో చూపించిన లెక్క ఇదే.

ఇంకా సరదా ఏమిటంటే, రాగం పేరులోనే దాని నంబరు దాగుంది. దీన్ని కటపయాది సూత్రం అంటారు. క నుంచి, ట నుంచి, ప నుంచి, య నుంచి అక్షరాలు ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. 'మాయామాళవగౌళ'లో మొదటి రెండు అక్షరాలు మా, యా. ప ఫ బ భ మ... మ అయిదోది. య ఒకటోది. 5, 1. తిరగేస్తే 15. అది పదిహేనో మేళకర్త! 'ధీరశంకరాభరణం'? ట నుంచి లెక్కపెడితే ధ తొమ్మిదోది, య నుంచి లెక్కపెడితే ర రెండోది. 92 తిరగేస్తే 29. 1980లో విశ్వనాథ్ గారి సినిమాతో ఊరూరా పేరు మోగిన శంకరాభరణమే ఇది. పాశ్చాత్యులు 'డో రే మీ' అని మొదలుపెట్టే మేజర్ స్కేలు స్వరాలూ ఇవే. డిసెంబరు 4న నేవీ డే నాడు బీచ్‌లో నేవీ బ్యాండు వాయిస్తుంటే చెవి పెట్టి వినండి. ఆ ఆరోహణ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. పేర్లు పెట్టి స్వరాలు నేర్పడం వాళ్ళకీ ఉంది. పదకొండో శతాబ్దిలో ఇటలీలో గీదో అనే సన్యాసి, చర్చిలో పాడే పిల్లలకి త్వరగా నేర్పాలని ఈ పద్ధతి పెట్టాడు. కొత్త పాట ఒకరు పాడి వినిపించకుండానే పిల్లలు చూసి పాడాలని ఆయన తాపత్రయం. మనకి కావలసిందీ అదేగా!

వేళ్ళ మీద తాళం

ఆది తాళం: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. మళ్ళీ దెబ్బ, తిప్పు. దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. మొదట ఒక్కో లెక్కకి ఒక స్వరం, తర్వాత రెండు, ఆ తర్వాత నాలుగు. ఇవే మూడు కాలాలు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటే. స్వరం వేగం పెంచమంటే చెయ్యి వేగం పెంచేస్తారు! చెయ్యి గడియారంలా ఒకేలా నడవాలి, నోరు మాత్రమే రెట్టింపవ్వాలి. కుదరకపోతే కొన్నాళ్ళు పాట పక్కన పెట్టి, ఒట్టి అంకెలతో చేసి చూడండి. కూర తరుగుతూ కూడా చేసుకోవచ్చు.

తాళాలు ఏడు: ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక. లఘువులో లెక్క మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది కావడాన్ని బట్టి జాతులు ఐదు. ఏడైదులు ముప్పయ్యైదు. ఆది తాళానికి అసలు పేరు చతురశ్రజాతి త్రిపుట. పేరంటంలో ఎవరైనా అడిగితే చెప్పండి, బావుంటుంది!

మన లిపి చేసే మేలు

ఇక అసలు సంగతి, పుస్తకం చూసి పాడటం. ఇందులో తెలుగు చదవడం వచ్చినవాళ్ళకి సగం పని అయిపోయినట్టే. 'స' అని హ్రస్వం రాస్తే ఒక అక్షరకాలం. 'సా' అని దీర్ఘం రాస్తే రెండు. కామా ఉంటే ఇంకొక అక్షరం ఆగాలి. స్వరం మీద చుక్క ఉంటే పై స్థాయి, కింద చుక్క ఉంటే కింది స్థాయి. పైన అడ్డగీత ఉంటే వేగం రెట్టింపు. నిలువు గీతలు తాళంలో అంగాలని విడదీస్తాయి. బడిలో గురువు, లఘువు గుర్తులు పెట్టడం నేర్చుకున్నాం చూడండి, అదే తెలివి ఇక్కడా పనికొస్తుంది.

కర్ణాటక సంగీతంలో మహాగ్రంథంగా చెప్పుకునే 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని సుబ్బరామ దీక్షితులు 1904లో తమిళదేశంలోని ఎట్టయాపురంలో అచ్చు వేయించారు. ఏ లిపిలో అనుకున్నారు? తెలుగులో! ముత్తుస్వామి దీక్షితుల కృతులు స్వరాలతో సహా అందులో ఉన్నాయి. అక్కడివాళ్ళు ఆ పుస్తకం కోసం తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. మనకి అక్షరాలు వచ్చి కూడా స్వరం పంక్తి మీద చూపు ఆనించం, సాహిత్యం మీదికి దూకేస్తాం.

అయితే ఒక హెచ్చరిక. కాగితం మీద అంతా ఉండదు. గమకం ఉండదు. సుబ్బరామ దీక్షితులు గారు గమకాలకీ గుర్తులు పెట్టారు గానీ, తోడి రాగంలో ఆ గాంధారం ఊగే తీరు చెవితో విని పట్టుకోవలసిందే. హార్మోనియం మెట్ల మీద అది అసలు దొరకదు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని దూరంగా పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. మూడు దశాబ్దాలు పట్టింది ఆ నిషేధం సడలడానికి! కాబట్టి గురువు అవసరం తీరిపోలేదు. నోటు పుస్తకాల నిండా మేళకర్తలు రాసి, శ్రుతి పెట్టె పక్కన 'స' నిలపలేనివాళ్ళూ ఉన్నారు. అలాంటి శాస్త్రం వల్ల లాభం లేదు.

నేర్చుకుంటే ఏమొస్తుంది?

ఈ ప్రశ్న ఇంట్లో ఎవరో ఒకరు అడిగే తీరతారు. డబ్బు మాటకొస్తే, ఇప్పుడు ఇంట్లో కూర్చుని అమెరికా పిల్లలకి ఫోన్లో పాఠాలు చెప్పే ఆడవాళ్ళున్నారు. 2020లో కరోనా వచ్చి అందర్నీ ఇళ్ళల్లో కూర్చోబెట్టాక ఇది మరీ పెరిగింది. మనకి తెల్లవారుజామున అక్కడ సాయంత్రం. ఆ పిల్లలు ఊరుకోరు. "ఇది ఎందుకు ఇలా పాడాలి?" అని అడుగుతారు. "మా పంతులుగారు ఇలాగే చెప్పారు" అంటే వాళ్ళ దగ్గర చెల్లదు! ఆకాశవాణి ఆడిషన్‌కి వెళ్ళినా, పరీక్షలకి కట్టినా, నలుగురు పిల్లల్ని పోగేసి సాయంత్రం క్లాసు పెట్టుకున్నా శాస్త్రం కావాలి. డబ్బు మాట వదిలేసినా, ఎవరినీ బతిమాలకుండా కొత్త కీర్తన పుస్తకంలోంచి నేర్చుకున్న రోజు కలిగే ధీమా ఉంది చూశారూ, అది ఎవరికి వాళ్ళే అనుభవించాలి.

గురువు దొరికేలోగా ఒక పని చేయండి. మీకు బాగా వచ్చిన పాట ఒకటి తీసుకోండి. మరీ పెద్ద కీర్తన వద్దు, లాలిపాటో, మంగళహారతో చాలు. ఫోన్లో తంబురా పెట్టుకుని, మీకు సుఖంగా ఉన్న శ్రుతి చూసుకోండి. పాట పల్లవి మెల్లిగా పాడుతూ, ఎక్కడ ఆగితే ఇల్లు చేరినట్టు అనిపిస్తుందో గమనించండి. చాలా పాటల్లో ఆ ఆగిన చోటే 'స'. అక్కణ్ణించి మెట్టు మెట్టుగా లెక్కపెట్టుకుంటూ, మొదటి పంక్తికి స్వరాలు పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో వద్దు, చాలాసార్లు చెరపాల్సి వస్తుంది. ఒక్క పంక్తికి వారం పట్టొచ్చు. పట్టనివ్వండి. రెండో పంక్తికి అంత పట్టదు.